పిల్లల వర్ణన రాతలో తప్పులు: ఎలా గుర్తించాలి, ఏ వరుసలో దిద్దాలి

“మీ ఊరి చెరువు గురించి సొంతంగా రాయి” అంటే మూడో తరగతి పిల్లవాడు రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

“మా ఊరిలో పెద్ద చెరువు ఉంది చెరువు చుట్టు తాటి చేట్లు ఉన్నాయి చేట్లు మీద కొంగలు ఉంటుంది నీళ్లు చల్లగా ఉంది మా తాత రోజు చేపలు పడతాడు మరియు మాకు ఇస్తారు చెరువు చాలా బాగుంటుంది”

ఇందులో దిద్దాల్సిన చోట్లు 15. ఎర్ర పెన్ను తీసుకుని పదిహేను చోట్లా గీతలు పెడితే, తనకు రాయడం రాదన్న ఒక్క సంగతే ఆ పిల్లవాడికి అందుతుంది. అవే తప్పులను రకాలుగా విడదీస్తే అయిదే తేలతాయి. చుక్కలు లేవు (6). దీర్ఘం, హ్రస్వం తారుమారయ్యాయి (4: చుట్టు, రోజు, రెండుసార్లు చేట్లు). క్రియ కర్తతో కలవలేదు (3). ‘చెట్ల మీద’ అనాల్సిన చోట ‘చెట్లు మీద’ అన్నాడు (1). అవసరం లేని ‘మరియు’ వచ్చింది (1). ఒక్కో రకానికి ఒక్కో కారణం ఉంది, ఆ కారణాన్ని బట్టే దిద్దుబాటు. కింది మెట్లు మూడు నుంచి అయిదో తరగతి వరకు చెప్పే టీచర్లకు, ఇంట్లో పిల్లల నోటుబుక్కు పట్టుకుని కూర్చునే అమ్మానాన్నలకు పనికొస్తాయి.

1. రాయించే ముందు

పది నిమిషాలు మాట్లాడించండి. చెరువు, వారపు సంత, బడి ముందు చెట్టు, ఇంట్లో ఆవు, ఏదైనా సరే పిల్లలు కళ్లారా చూసినదై ఉండాలి. చూడని తాజ్‌మహల్ గురించి రాయమంటే గైడులో వాక్యాలే తిరిగి వస్తాయి. అప్పుడు మీరు దిద్దేది పిల్లవాడి రాతను కాదు.

మూడో తరగతికి 5–6 వాక్యాలు, అయిదో తరగతికి 8–10 వాక్యాలు చాలు. సమయం 15–20 నిమిషాలు. లైను వదిలి లైను రాయమనండి, దిద్దుకోవడానికి ఆ ఖాళీ కావాలి. రాస్తున్నప్పుడు “టీచర్, ‘మొక్క’కు ఒత్తు ఉందా?” అని అడిగితే వెంటనే చెప్పకండి. అనుమానం వచ్చిన మాట కింద పెన్సిలుతో చిన్న గీత గీసి ముందుకు వెళ్లమనండి. తనకు ఎక్కడ అనుమానం ఉందో తెలిసిన పిల్లవాడు సగం దిద్దుకున్నట్టే. అనుమానమే రాని చోట ఉన్న తప్పులు మీరు చూపించాల్సినవి.

2. మొదటిసారి పెన్ను లేకుండా చదవండి

ముందు విషయం చదవండి. దాని గురించి ఒక మాట రాయండి: “తాతయ్య వల వేస్తారా, గాలం వేస్తారా? అది కూడా రాయి.” ఆ తర్వాతే తప్పుల సంగతి.

రెండోసారి చదువుతున్నప్పుడు విడి కాగితం మీద నిలువుగా అయిదు గడులు గీసుకోండి: చుక్క, క్రియ, విభక్తి (మీద, కి, లో లాంటివి), దీర్ఘం–ఒత్తు, మాటల మధ్య ఎడం. పిల్లల పేర్లు ఎడమవైపు. ఏ పిల్లవాడు ఏ రకం తప్పు చేశాడో టిక్కు పెట్టుకుంటూ పోండి. తరగతిలో సగం మందికి పైగా ఒకే గడిలో టిక్కులు పడితే అది అందరికీ నల్లబల్ల మీద చెప్పాల్సిన పాఠం. నలుగురైదుగురికే పడితే వాళ్లను ఒకచోట కూర్చోబెట్టండి. ఒక్కరికే అయితే బల్ల దగ్గరికి వెళ్లి రెండు నిమిషాలు చెబితే సరిపోతుంది.

నోటుబుక్కులో మాత్రం మూడో తరగతికి మూడు, అయిదో తరగతికి అయిదు చోట్లకు మించి గుర్తు పెట్టకండి. అది కూడా సరైన రూపం రాసి ఇవ్వకుండా, మార్జిన్‌లో ‘చు’, ‘క్రి’, ‘వి’, ‘దీ’, ‘ఒ’ అని రాయండి. ఆ లైనులో తప్పు ఎక్కడుందో వెతుక్కునే పని పిల్లవాడిది. మీరే సరిచేసి రాసిస్తే వాడు చేసేది చూచిరాత మాత్రమే.

3. చుక్కతో మొదలుపెట్టండి

అన్నిటికంటే ముందు ఇదే దిద్దాలి. వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే కర్త ఏదో, దాని క్రియ ఏదో పిల్లవాడు పోల్చుకోలేడు. క్రియ తప్పులు దిద్దడం అప్పుడు వృథా ప్రయాస.

పిల్లలు చుక్క ఎందుకు మరిచిపోతారు? ఇంగ్లీషులో కొత్త వాక్యం పెద్ద అక్షరంతో మొదలవుతుంది, కంటికి రెండు గుర్తులు దొరుకుతాయి. తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడా లేదు, చుక్క ఒక్కటే ఆధారం. పైగా మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి ‘ఉంది’, ‘వచ్చింది’ అనగానే వాక్యం అయిపోయిందని చెవికి తెలిసిపోతుంది. తాళపత్రాల కాలంలో మాటల మధ్య ఎడం కూడా లేకుండా రాసుకుంటూ పోయేవారు. చుక్క, కామా అచ్చు పుస్తకాలతో పాటు మనకు అలవాటైనవి. చెవికి తెలిసినదాన్ని కంటికి చూపించడమే ఇక్కడ పని.

ఇలా చేయండి. పిల్లవాడు తన రాతను వేలు పెట్టి గట్టిగా చదవాలి. పక్కన కూర్చున్న జోడీ వింటూ, మాట పూర్తయిందనిపించిన ప్రతిచోటా బల్ల మీద ఒకసారి తట్టాలి. తట్టిన చోట చుక్క. రాసినవాడు తనే చదువుకుంటే తనకు తెలిసిన అర్థంతో గబగబా పోతాడు, వినేవాడు ఉంటేనే ఆగుతాడు.

దీంతో రెండు చిక్కులు వస్తాయి. రెండూ ముందే తెలిసి ఉండాలి.

మొదటిది, క్రియ కనబడగానే చుక్క పెట్టేయడం: “మేము చెరువుకు వెళ్లి. ఈత కొట్టాం.” ‘వెళ్లి’, ‘చూస్తూ’, ‘వస్తే’, ‘తిన్నా’ లాంటివి వాక్యాన్ని ముగించవు. వీటికి అసమాపక క్రియ అన్న పేరు మూడో తరగతిలో అక్కర్లేదు. “వెళ్లి…” అని మీరు ఆగండి. పిల్లలే “వెళ్లి ఏం చేశారు?” అని అడుగుతారు. చెవి ఇంకో మాట కోసం ఎదురుచూస్తుంటే అక్కడ చుక్క లేదు.

రెండో చిక్కు వర్ణనలో మరీ ఎక్కువ. చాలామంది టీచర్లు “క్రియ తర్వాత చుక్క” అని చెప్పి వదిలేస్తారు. కానీ వర్ణన నిండా క్రియ లేని వాక్యాలే ఉంటాయి: “మా ఆవు తెల్లది. దాని కొమ్ములు పొడవు. దాని పేరు గౌరి.” మూడింటిలోనూ క్రియ లేదు, మూడూ పూర్తి వాక్యాలే. క్రియ కోసం వెతికే పిల్లవాడు వీటన్నిటినీ కలిపేసి, ఎక్కడో ‘ఉంది’ వచ్చాక ఒక చుక్క పెడతాడు. లేదా చుక్క పెట్టడం కోసం “మా ఆవు తెల్లది ఉంది” అని ‘ఉంది’ తగిలిస్తాడు. కాబట్టి రెండు రకాల వాక్యాలనూ మొదటి రోజే నల్లబల్ల మీద పక్కపక్కన రాసి చూపండి: “మా ఆవు గడ్డి తింటుంది.” “మా ఆవు తెల్లది.” రెండింటి చివరా చుక్క.

4. కర్తకూ క్రియకూ బాణం గీయించండి

చుక్కలు కుదిరాక ప్రతి వాక్యంలో “ఎవరు? ఏది?” అన్న మాట చుట్టూ గుండ్రం చుట్టించండి. చివరి క్రియ కింద గీత గీయించండి. రెండింటినీ బాణంతో కలిపి, ఆ రెండు మాటలనే పలికించండి. “కొంగలు ఉంటుంది” అని విడిగా పలికితే తప్పని పిల్లలే నవ్వుతూ చెబుతారు. “చెట్ల మీద తెల్లటి పెద్ద పెద్ద కొంగలు సాయంత్రం పూట వచ్చి ఉంటుంది” అన్నప్పుడు పట్టుకోలేరు. కర్తకు, క్రియకు మధ్య మాటలు చేరేకొద్దీ తప్పు పెరుగుతుంది. వర్ణనలో విశేషణాలు చేర్చమని మనమే చెబుతాం కాబట్టి ఈ తప్పు బాగా రాసే పిల్లల్లోనూ కనిపిస్తుంది. దాన్ని ఎదుగుదల గుర్తుగా చూడండి.

ఇక్కడ తెలుగు పద్ధతి టీచరుకు స్పష్టంగా ఉండాలి. ఒక్కరైతే మగవాళ్లది ఒక దారి, మిగిలినవన్నీ మరో దారి: తాత వచ్చాడు, అక్క వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఎక్కువమంది అయితే విభజన మారిపోతుంది. మనుషులంతా ఒకవైపు, మిగిలినవి ఇంకోవైపు: తాతలు వచ్చారు, అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ఏకవచనంలో ఆవుతో కలిసి నడిచిన అక్క బహువచనంలో తాత పక్కకు వెళ్లిపోతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇది నోటికి వచ్చేస్తుంది. ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలకు రాదు. ఆ భాషల్లో ప్రాణం లేని వస్తువులకు కూడా ఆడ, మగ తేడా ఉంటుంది. అలాంటి పిల్లవాడు “విమానం వచ్చాడు” అంటే అది అజాగ్రత్త కాదు, ఇంటి భాష లెక్క. పది బొమ్మలు ఇచ్చి రెండు కుప్పలుగా పేర్పించి, ఒక్కోదానికి ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనిపించండి. తర్వాత అవే బొమ్మలను బహువచనంతో మళ్లీ పేర్పించండి.

వర్ణనల్లో తరచుగా దెబ్బతీసే మాటలు కొన్ని ఉన్నాయి, గోడ మీద చార్టు రాసి పెట్టుకోదగ్గవి. నీళ్లు, పాలు, వడ్లు, బియ్యం ఎప్పుడూ బహువచన క్రియతోనే: నీళ్లు ఉన్నాయి, పాలు పొంగాయి, బియ్యం అయిపోయాయి. ‘నీరు’ మాత్రం ‘ఉంది’. జనం చూడటానికి ఒక్క మాటే, కానీ “సంతలో జనం ఉన్నారు”. కుక్కపిల్లలు ఉన్నాయి, బడిపిల్లలు ఉన్నారు. “నేను, తమ్ముడు వెళ్లాను” కాదు, “వెళ్లాం”.

మర్యాద సంగతి కూడా ఇక్కడే. “తాత పడతాడు” తప్పు కాదు, చాలా ఇళ్లలో అలాగే అంటారు. “తాతయ్య పడతారు” కూడా సరే. ఒకే పేరాలో “పడతాడు… ఇస్తారు” అని కలగాపులగం చేయడమే తప్పు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా నిలబెట్టమనండి. కాలం విషయంలోనూ ఇదే మాట. “ఉంది, ఉంటుంది” అని మొదలుపెట్టి, మధ్యలో “కొంగలు ఎగిరాయి” అని నిన్నటి సంగతిలోకి జారిపోతారు. జారిన వాక్యాన్ని కొట్టేయనక్కర్లేదు, ముందు “నిన్న” అన్న మాట చేరిస్తే నిలబడుతుంది.

5. ‘లు’ను ‘ల’ చేయించండి

“చెట్లు మీద”, “ఆకులు మధ్య”, “పిల్లలు తో” అన్నవి మూడు నుంచి అయిదు వరకు అన్ని తరగతుల్లోనూ కనబడతాయి. బహువచనం తర్వాత మీద, కింద, మధ్య, కి, తో, లో లాంటిది ఏదైనా వస్తే ‘లు’ ‘ల’ అవుతుంది: చెట్ల మీద, ఆకుల మధ్య, పిల్లలతో. ఈ ఒక్క సూత్రం చెప్పి, రోజుకు అయిదు మాటల చొప్పున వారం పాటు నోటితో చేయిస్తే చాలా వరకు పోతుంది.

ఏకవచనంలో మారే మాటలు తక్కువే గానీ వర్ణనకు అవే ముఖ్యం: ఇల్లు – ఇంటి ముందు, ఊరు – ఊరి చివర, పెరడు – పెరటిలో, గూడు – గూటిలో, నోరు – నోటితో, ఏరు – ఏటి ఒడ్డున, రాయి – రాతి గోడ. ఎనిమిది పది మాటల పట్టిక సరిపోతుంది.

దీని వెంటే మాటల మధ్య ఎడం. కి, కు, లో, తో, ని, ను ముందు మాటకు అతుక్కుంటాయి: బడికి, చెరువులో. మీద, కింద, పక్కన, ముందు, వెనక విడిగా నిలబడతాయి: చెట్టు కింద. “బడి కి”, “చెరువు లో” అని విడదీసే పిల్లలు చాలామంది అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసేవాళ్లు. వాళ్లకు మొత్తం మాటను ఒక్కసారిగా పలికి, తర్వాత రాయడం అలవాటు చేయాలి.

6. దీర్ఘాలు, ఒత్తులు

చాలామంది దిద్దడం ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడే ఆపేస్తారు. అందుకే దీన్ని ఆరో మెట్టుగా పెట్టాం. తప్పు ఎక్కడ పుట్టిందో ముందు చూడండి.

‘చేట్లు’ అన్న తప్పు చాలాసార్లు మన ఉక్తలేఖనం వల్ల వస్తుంది. పిల్లలు అందుకోవాలని “చె… ట్లు” అని సాగదీసి చెబుతాం. సాగదీయగానే హ్రస్వం దీర్ఘమైపోతుంది, పిల్లవాడు విన్నదే రాస్తాడు. మాటను విడగొట్టకుండా, మామూలు వేగంతో, రెండు మూడు మాటలు కలిపి, రెండుసార్లు చెప్పండి. అర్థం మారిపోయే జంటలతో సాధన చేయించండి: మెడ–మేడ, వన–వాన, పలు–పాలు, రోజు–రోజూ. “తాత రోజు వస్తాడు” అంటే ఏ రోజు అని అడగండి. ‘రోజూ’కు దీర్ఘం ఎందుకో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

ఒత్తుల తప్పులు రెండు రకాలు. ఒత్తు పూర్తిగా వదిలేయడం (మొక, పువు, కొమ) వినికిడికి సంబంధించినది. ఒత్తు పలికే చోట చప్పట్లు కొట్టిస్తే ఆగి పలకడం తెలుస్తుంది. ఒత్తు ఉంది గానీ ఇంకో అక్షరం కింద పడింది (పుస్తకం బదులు పుసక్తం) అంటే అది కంటి తప్పు. త, న, మ, య, ర, ల లాంటి అక్షరాల ఒత్తులు అసలు అక్షరంలా కనబడవు కాబట్టి పిల్లలు వీటిలోనే తడబడతారు. వీటిని విడిగా నేర్పాలి. ఖ, ఘ, థ, ధ, భ ల తేడా, శ–ష–స తేడా ఈ వయసులో పలుకుబడిలో దొరకవు. పెద్దవాళ్లే ‘విద్యార్థి’ని ‘విద్యార్ధి’ అని రాస్తుంటారు. తరచుగా వాడే ఓ ఇరవై మాటలు గోడ మీద రాసి ఉంచి, చూసి రాయనివ్వండి.

తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించకండి. నాలుగోసారి నుంచి పిల్లవాడు పై లైను చూసి రాస్తాడు. పై లైనులో తప్పు పడితే అదే ఆరుసార్లు సాధన అవుతుంది. మాట చూడాలి, చెయ్యి అడ్డం పెట్టి మూయాలి, రాయాలి, తీసి సరిచూసుకోవాలి. ఇలా మూడుసార్లు చాలు.

మాండలికం తప్పు కాదు

తెలంగాణ పిల్లవాడు “కొంగలు ఉన్నయి”, “తాత వచ్చిండు” అని రాస్తే దాన్ని దీర్ఘం తప్పుల గడిలో వేయకండి. వాడి చెవి సరిగ్గానే విన్నది, చెయ్యి సరిగ్గానే రాసింది. రాయలసీమ పిల్ల రాసే “ఉండాయి”, “వచ్చినాడు” కూడా అంతే. కొంగలకు ‘ఉన్నయి’ అన్నాడంటే బహువచనం కలిపాడు, వ్యాకరణం వచ్చినట్టే. రెండు వరసలు గీసి ‘ఇంట్లో ఇలా’, ‘పుస్తకంలో ఇలా’ అని రాయించండి. ఎర్ర గీత వద్దు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి పుట్టిన రోజు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనం పిల్లల ఇంటి మాటను కొట్టేయడం న్యాయం కాదు.

కామా, మిగతా గుర్తులు

మూడో తరగతికి కామా పని ఒక్కటే: వరసగా పేర్లు చెప్పేటప్పుడు. “కాకులు, చిలుకలు, పిచ్చుకలు ఉన్నాయి.” ‘మరియు’ అక్కర్లేదు. ఇంగ్లీషు పాఠాల నుంచి ఆ అలవాటు వస్తుంది. పేర్లయితే చివర దీర్ఘం ఇస్తే చాలు: “కాకులూ, చిలుకలూ”. పనులయితే మొదటి క్రియను మార్చాలి: “చేపలు పట్టి మాకు ఇస్తాడు.” లైను అయిపోయిన ప్రతిచోటా కామా పెట్టే పిల్లలు ఉంటారు. వాళ్లతో అవే వాక్యాలను వెడల్పాటి కాగితం మీద రాయించండి, లైను ముగింపు, వాక్యం ముగింపు వేరని కనబడుతుంది.

నాలుగో తరగతిలో ఆశ్చర్యార్థకం: “ఎంత పెద్ద చెట్టో!” ఒక రాతలో ఒకటి చాలు. “ఎన్ని చేపలున్నాయో తెలియదు” అన్నచోట ‘ఎన్ని’ చూసి ప్రశ్న గుర్తు పెడతారు. చివర ‘తెలియదు’ ఉంది కాబట్టి చుక్కే. కొటేషన్లు అయిదో తరగతి దాకా ఆగవచ్చు. ఎవరో అన్న మాట అని ‘అని’ ఎలాగూ చెబుతూనే ఉంటుంది.

వారం ఎలా నడపాలి

సోమవారం చూడటం, మాట్లాడటం. మంగళవారం రాయడం. బుధవారం చుక్కలు, జోడీలతో పదిహేను నిమిషాలు. గురువారం బాణాలు. శుక్రవారం మీ గడుల కాగితంలో ఎక్కువ టిక్కులు పడిన మరొక్క రకం. శనివారం సాపు ప్రతి. మూడో తరగతిలో మొదటి నెలంతా చుక్క ఒక్కదానితోనే గడిపినా నష్టం లేదు.

నల్లబల్ల మీద దిద్దడానికి వాక్యం కావాలంటే ఏ పిల్లవాడి నోటుబుక్కు నుంచీ ఉన్నదున్నట్టు ఎత్తి రాయకండి. పేరు చెప్పకపోయినా రాసినవాడికి తెలుస్తుంది. అదే రకం తప్పుతో మీరే ఒక వాక్యం తయారుచేయండి.

నెల తర్వాత అదే చెరువు గురించి మళ్లీ రాయించి, పాత కాగితం పక్కన పెట్టి పిల్లవాడినే చుక్కలు లెక్కపెట్టమనండి. చుక్కలు పెరిగి, దీర్ఘాల తప్పులు అలాగే ఉంటే కంగారు పడకండి. వాక్యాలు పొడవై, కొత్త మాటలు వస్తున్నప్పుడు ఆ తప్పులు కొన్నాళ్లు పెరుగుతాయి కూడా. వాక్యాలు అవే ఆరు, మాటలు అవే, తప్పులు మాత్రం సున్నా అయితేనే ఆలోచించాలి. పిల్లవాడు తప్పు వస్తుందన్న భయంతో తెలిసిన మాటలే రాస్తున్నాడు. అలాంటి వాడికి ఓ రెండు వారాలు మార్జిన్‌లో ఏ గుర్తూ పెట్టకుండా, చెరువులో ఏం చూశావో చెప్పమని రాయించండి.